చెట్లు లేని దేశంలో చెక్కపని: కైరోలో బాబాయ్‌తో

మొన్నే వచ్చాం కైరో నుంచి, మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా. పిరమిడ్ల గురించి ఇందులో ఏమీ ఉండదు, వెళ్లాం, ఫొటోలు దిగాం, ఒంటె వాడితో గొడవ పడ్డాం, అవి అందరూ రాసేవే. ఇదంతా చెక్క గురించి. మా బాబాయ్ వైజాగ్‌లో ఓడల దగ్గర కార్పెంటర్‌గా చేసి రిటైరయ్యాడు, వాళ్లబ్బాయి, అంటే మా తమ్ముడు, కైరోలో ఉద్యోగం, మాదీ అనే పేటలో ఫ్లాటు. వాడు పొద్దున్నే ఆఫీసుకి పోతే మేమిద్దరం ఊరి మీద పడేవాళ్లం. బాబాయ్ ఏ ఇంటికెళ్లినా ముందు తలుపు చూస్తాడు, తర్వాత మడత బందులు, ఆ తర్వాతే లోపలున్న మనుషులు. అందుకని ట్రిప్పంతా ముత్యపు చిప్పలూ దంతమూ పొదిగిన పెట్టెలు, బల్లలు, మింబర్ల చుట్టూనే తిరిగింది. మింబర్ అంటే శుక్రవారం ఇమాము ఎక్కి ప్రసంగం చేసే మెట్ల పీఠం, మసీదులో ఎంత పెద్ద చెక్క సామానున్నా అందరి చూపూ ముందు దాని మీదే పడుతుంది.

డబ్బుల లెక్క ముందే చెప్తా, పౌండు మన రెండు రూపాయలకి కాస్త తక్కువ. మేం రెండుతో గుణించి కొంచెం తీసేసేవాళ్లం.

శనివారం, ఖాన్ ఎల్ ఖలీలీ

1380ల్లో జహర్కస్ అల్ ఖలీలీ అనే అమీరు వర్తకుల కోసం కట్టించిన సత్రం పేరే ఈ బజారుకి మిగిలింది. ఇప్పుడైతే సందు సందునా అవే ఇత్తడి దీపాలు, అవే పిరమిడ్ బొమ్మలు, అవే మాగ్నెట్లు, మధ్యలో మాకు కావలసిన పెట్టెలు. ఉంగరం పట్టేంత బుల్లి డబ్బీ దగ్గర్నుంచి పెళ్లిలో పెట్టే పెద్ద పెట్టె దాకా, మూతల మీద నక్షత్రాలు, వాటి మధ్య తళతళలాడే చిప్ప.

మొదటి షాపతను మమ్మల్ని చూడగానే "ఇండియా! అమితాబ్ బచ్చన్!" అన్నాడు. ఇది మాకు ట్రిప్పు పొడుగునా జరిగింది, టాక్సీ వాళ్లు, మసీదు కాపలాదారులు, చెరుకు రసం కుర్రాడు, అందరికీ అమితాబే. బాబాయ్ ఎన్టీఆర్ పేరు చెప్పి చూశాడు, పని చేయలేదు. కూర్చోబెట్టి పుదీనా టీ ఇచ్చారు, టీ తాగితే కొనాలేమోనని నాకు భయం, కానీ అక్కడ టీ వేరు బేరం వేరు, ఏమీ కొనకుండా లేచినా ఎవరూ మొహం ముడుచుకోలేదు.

జానెడు పెట్టె ఒకటి తీసి 1,400 పౌండ్లన్నాడు. బాబాయ్ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, లోపలి వెల్వెట్ మూల గోటితో కొద్దిగా లేపి, "ఇది చెక్క కాదురా, పొట్టు నొక్కిన బోర్డు" అన్నాడు తెలుగులో. షాపతనికి మాట అర్థం కాకపోయినా గోరు అర్థమైంది. నవ్వేసి లోపల్నుంచి ఇంకో రెండు పెట్టెలు తెచ్చి మూడూ పక్కపక్కన పెట్టాడు. మొదటిది ప్లాస్టిక్ షీటు, చిప్పలాగా మెరుస్తుంది కానీ ఎటు తిప్పినా ఒకే మెరుపు, డిజైను కూడా అచ్చు వేసినట్టు ఎక్కడా తేడా ఉండదు. రెండోది నైలు నదిలో దొరికే మంచినీళ్ల చిప్ప, పాలతెలుపు. మూడోది బయట దేశాల నుంచి వచ్చే సముద్రపు చిప్ప, అటూ ఇటూ వంచితే గులాబీ, ఆకుపచ్చ, నీలం మారుతూ పోతాయి. అసలు చిప్పని బుగ్గకి ఆనిస్తే చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ తగలదు. షాపు మధ్యలో బాబాయ్ ఒక్కో పెట్టె బుగ్గకి ఆనించుకుంటుంటే పక్క షాపు వాళ్లు కూడా వచ్చి చూశారు.

ఆ రోజు ఏమీ కొనలేదు. 1,400 పెట్టె మేం గుమ్మం దాటేసరికి 500కి దిగింది, ఆ లెక్క మాత్రం గుర్తు పెట్టుకున్నాం.

మధ్యాహ్నం కుషరీ తిన్నాం. అన్నం, పప్పుగింజలు, మాకరోనీ, శనగలు, పైన కరకరలాడే వేపుడు ఉల్లిపాయలు, టొమాటో సాసు, వెల్లుల్లి వేసిన వెనిగర్, కారం నీళ్లు. ప్లేటు 60 పౌండ్లు, ఒకటి ఇద్దరికి సరిపోయింది. "అన్నంలో మాకరోనీ ఏటి" అని మొదలుపెట్టిన బాబాయే అడుగు దాకా గీరాడు. కారం సీసాని వెయిటరు రెండుసార్లు మా దగ్గర్నుంచి లాక్కున్నాడు, మేం ఆంధ్రా వాళ్లమని అతనికేం తెలుసు.

ఆదివారం, బాబ్ అల్ ఖల్క్ మ్యూజియం

ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం 1903లో తెరిచిన భవనం. 2014 జనవరిలో ఎదురుగా ఉన్న పోలీసు ఆఫీసు మీద కారు బాంబు పేలితే ఈ భవనం ముఖం, లోపల అద్దాలు, చాలా వస్తువులు పగిలిపోయాయి, బాగు చేసి 2017లో మళ్లీ తెరిచారు. మేం వెళ్లినప్పుడు గదుల్లో జనం చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత, పిరమిడ్ల దగ్గర తోపులాటలో సగం ఇక్కడికి మళ్లితే బాగుణ్ననిపించింది.

ముందు చెక్కిన పొడుగాటి పలకల దగ్గర ఆగాం. 11వ శతాబ్దంలో ఈజిప్టుని ఏలిన ఫాతిమిద్ ఖలీఫాల రాజభవనంలోవి, వేటగాళ్లు, వీణ లాంటి వాయిద్యం పట్టుకున్నవాళ్లు, నాట్యం చేసేవాళ్లు, జంతువులు. భవనం పోయింది, తర్వాత 1284–85లో సుల్తాన్ ఖలావున్ ఆసుపత్రి, మదర్సా కట్టించినప్పుడు ఇవే పలకల్ని బొమ్మల వైపు గోడకి తిప్పి మళ్లీ వాడేశారు. అలా వెనక్కి తిరిగి ఉండటం వల్లే బతికాయి. బాబాయ్‌కి ఇందులో వింతేమీ కనబడలేదు. "మంచి చెక్క ఎవడు పారేత్తాడ్రా? మా యార్డులో పాత డెక్కు పలకతో ఎన్ని బల్లలు చేసుకోలేదు" అన్నాడు.

అసలు సంగతి అక్కడే ఉంది, ఈజిప్టులో చెట్టు లేదు. ఉన్నవల్లా నల్లతుమ్మ, మేడి జాతి చెట్టు, కొంత ఝావుక చెట్టు లాంటివి, ఏదీ నిలువుగా పొడుగ్గా పెరిగి వెడల్పాటి పలక ఇచ్చేది కాదు. దేవదారు లెబనాన్ వైపు నుంచి, నల్లటి ఎబొనీ సూడాన్ అవతల నుంచి, టేకు మన దగ్గర్నుంచి ఓడల్లో పోయేది. అంత ఖర్చు పెట్టి తెచ్చినదాన్ని అరచేతి మందం పలకలుగా కోసి తలుపు చేసుకునే దర్జా వాళ్లకి లేదు. అందుకే చిన్న ముక్కలు. ఆ చిన్న ముక్కల్తోనే వాళ్లు చేసింది చూస్తే కళ్లు తిరుగుతాయి.

మాకు కళ్లు తిరిగిన చోటు సుల్తాన్ షాబాన్ తల్లి కట్టించిన మదర్సా నుంచి వచ్చిన ఖురాన్ పెట్టె, దాని జతగా ఆరు పలకల పీట. 1369 ప్రాంతం పని. దూరం నుంచి చూస్తే గోధుమ రంగు బట్ట పరిచినట్టు ఉంటుంది, దగ్గరికెళ్తే ఆ బట్టంతా దంతం, ఎబొనీ, రకరకాల చెక్కల బుల్లి ముక్కలు, కొన్ని బియ్యపు గింజలో సగం కూడా ఉండవు. త్రికోణాలు, చతురస్రాలు, వాటితో నక్షత్రాలు, ఆ నక్షత్రాల్తో ఇంకో పెద్ద నక్షత్రం. బాబాయ్ అద్దానికి ముక్కు ఆనించి నిలబడితే గార్డు వచ్చి మర్యాదగా వేలితో వెనక్కి జరగమన్నాడు, ఐదు నిమిషాల్లో మళ్లీ జరపాల్సి వచ్చింది, మూడోసారికి అతనే తన ఫోను టార్చ్ వేసి పక్కనుంచి చూపించాడు. పక్కనుంచి వెలుగు పడేసరికి ముక్కల మధ్య ఎత్తుపల్లాలు తెలిశాయి. 650 ఏళ్లలో చెక్క ఎండి కొంచెం దిగింది, దంతం దిగలేదు.

ఆ పక్కనే సుల్తాన్ అల్ నాసిర్ ముహమ్మద్ కోసం 1327–28లో చేసిన ఇత్తడి, వెండి పీట కూడా ఉంది, చేసినవాడు ముహమ్మద్ ఇబ్న్ సున్ఖుర్ అని సంతకం కూడా పెట్టుకున్నాడు. చాలా గొప్పదే, కానీ బాబాయ్ "లోహం నాకు తెలీదు" అని ముందుకి నడిచాడు.

బయటికొచ్చి తామియా తిన్నాం. మన మసాలా వడే, శనగపప్పు బదులు బాకులా గింజలు, లోపల పచ్చగా కొత్తిమీర, పార్స్‌లీ. రొట్టెలో పెట్టి ఇస్తారు, 15 పౌండ్లు. తోడుగా కర్కడే అని ఎర్రటి చల్లటి పానీయం, ఒక గుక్క తాగి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎర్ర గోంగూర కాయ పైన ఉండే ఎర్ర రేకలు ఎండబెట్టి కాచినది. మనం ఆకు తింటాం, వాళ్లు అది తాగుతారు, మొక్క ఒకటే.

సోమవారం, దర్బ్ అల్ అహ్మర్

బాబ్ జువైలా అనే పాత కోట ద్వారం పక్కన సుల్తాన్ అల్ ముఅయ్యద్ మసీదు, 1415 నుంచి 1421 దాకా కట్టారు. సుల్తాను కాకముందు ఈయన్ని ఇదే స్థలంలో ఉన్న జైల్లో పెట్టారట, పేలూ నల్లులతో నానా అవస్థా పడి, బయటపడితే ఇక్కడ మసీదు కట్టిస్తానని మొక్కుకున్నాడట. మొక్కు తీర్చుకున్నాడు, కానీ తలుపు మాత్రం సొంతంగా చేయించకుండా సుల్తాన్ హసన్ మసీదు తలుపు కొనుక్కొచ్చి పెట్టాడు. సుల్తానైనా సరే పాత తలుపే. లోపల దంతం పొదిగిన మింబర్, ఆ పక్కన కిబ్లా గోడ, అంటే నమాజుకి మొహం పెట్టే మక్కా వైపు గోడ, పొడుగునా రంగు రంగుల చలువరాయి.

ఇక్కడ బాబాయ్ నాకు జాయింటు పాఠం చెప్పాడు. మింబర్ పక్క గోడ ఒక పెద్ద త్రికోణం, దాన్ని ఒకే పలకగా చేస్తే కైరో ఎండకి రెండేళ్లలో చీలిపోతుంది. అందుకని వందలకొద్దీ బహుభుజాల ముక్కలు, వాటి మధ్య సన్నటి పట్టీలు, ముక్క అంచు పట్టీ గాడిలో దిగుతుంది అంతే, జిగురు పెట్టరు, మేకు కొట్టరు. ఎండకి చెక్క ముడుచుకుంటే ముక్క గాడిలో కాస్త వదులవుతుంది, తేమకి ఉబ్బితే బిగుస్తుంది, చీలదు. నేను అప్పటిదాకా ఆ నక్షత్రాలు దేవుడి అనంతత్వం అనీ గణితం అనీ చదివి ఉన్నా. అవి కూడా అయ్యుండొచ్చు, కానీ బాబాయ్ దృష్టిలో ముందు ఇది చీలకుండా చేసుకున్న ఏర్పాటు, అందం తర్వాత వచ్చి చేరింది. నాకూ ఇప్పుడు అదే కరెక్టనిపిస్తోంది.

అక్కణ్నుంచి ఖిజ్మస్ అల్ ఇస్హాకీ మసీదుకి బయల్దేరాం. ద్వారం దాటాక ఎడమకి తిరగాలి, మేం తిన్నగా పోయాం, పోతే పైన కప్పున్న ఒక బజారులో తేలాం, రెండు పక్కలా మగవాళ్లు బాసింపట్టు వేసుకుని గుడ్డ మీద గుడ్డ పెట్టి సూదితో కుడుతున్నారు, గుడారాల లోపలి వైపుకి వాడే అలంకారం పని. అవే నక్షత్రాలు, అవే పది మొనలు, ఈసారి నూలు గుడ్డలో. అక్కడో గంట పోయింది, దిండు గలీబు 250 చెప్తే పిన్నికి రెండు తీసుకున్నాం, 400. తర్వాత ఒక ముసలాయన్ని దారి అడిగితే చెప్పడం కాకుండా చేయి పట్టుకుని మసీదు మెట్ల దాకా తీసుకొచ్చి దింపాడు, టీ తాగమంటే గుండె మీద చేయి పెట్టుకుని వద్దని తల ఊపి వెళ్లిపోయాడు.

ఈ మసీదు 1480–81 నాటిది. రెండు వీధులు కలిసే మూలలో ఇరుకు స్థలం, కింద దుకాణాలు, పైన మసీదు. ఊళ్లో వాళ్లు అబూ హురైబా మసీదంటారు, ఖిజ్మస్ అంటే తెలియలేదు, మా చేతిలో ఉన్న 50 పౌండ్ల నోటు చూపిస్తే అందరికీ తెలిసింది, ఎందుకంటే నోటు మీద బొమ్మ ఈ మసీదే. లోపల కాపలాదారు షూ విప్పించి, లైట్లు వేసి, మింబర్ తలుపు తీసి చూపించాడు. చిన్న మింబర్, కానీ ప్రతి చెక్క ముక్కలో చుట్టూ సన్నటి దంతం గీత, మధ్యలో చెక్కిన లత. ఆ లత లోతు మన వేలి గోరు మందం కూడా ఉండదు, అందులోనే రెండు అంతస్తుల ఆకులు. వెళ్లేటప్పుడు అతనికి బక్షీస్ ఇవ్వాలి, నా దగ్గర చిల్లర లేదు, ఆ 50 నోటే ఇచ్చా. అతను నోటు మీది మసీదునీ అసలు మసీదునీ మార్చి మార్చి చూపించి నవ్వాడు, బహుశా రోజూ చేసే జోకే.

కొన్ని మసీదుల్లో మింబర్ల మీద ఖాళీ గుంటలు చూస్తారు మీరు. గత పదిహేను ఇరవై ఏళ్లలో దొంగలు దంతం ముక్కలు ఊడబెరికి అమ్ముకున్నారు. దొంగతనం పాతదే, పెద్ద మనుషులు చేస్తే దాని పేరు వేరే. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో సుల్తాన్ ఖాయిత్‌బే పేరున్న మింబర్ మొత్తానికి మొత్తం నిలబెట్టి ఉంది, 1867 పారిస్ ఎగ్జిబిషన్‌కి పోయి 1869లో అక్కడ చేరింది. ఇది చెప్తే బాబాయ్ "మనవీ అక్కడే కదా" అన్నాడు. నిజమే, 18వ శతాబ్దంలో విశాఖపట్నంలో కంసాలులు టేకు, నూకమాను, ఎబొనీల్లో దంతం పొదిగి, దంతం మీద గీతలు గీసి నల్ల లక్క నింపి, కంపెనీ దొరలకి పెట్టెలూ కుర్చీలూ డెస్కులూ చేసేవాళ్లు. అవి చూడాలంటే ఇప్పుడు లండన్ వెళ్లాలి. వైజాగ్‌లో పుట్టి పెరిగిన బాబాయ్ వాటిని ఫోనులో తప్ప చూడలేదు.

మంగళవారం, ఉత్తర శ్మశానం

శ్మశానం అంటే భయపడకండి, సుల్తానుల సమాధులు, వాటి చుట్టూ ఇళ్లు, కాఫీ కొట్లు, పిల్లలు, మెకానిక్ షెడ్లు, అదొక ఊరు. సుల్తాన్ బర్స్‌బే 1432లో కట్టించిన సూఫీ మఠం దగ్గర గేటు తాళం. పక్కన బట్టలారేస్తున్న ఆవిడని సైగలతో అడిగితే బాల్కనీలోకి కేకేసింది, పైనుంచి ఒక కుర్రాడు, వాడు ఇంకెవరికో ఫోను, చివరికి కాపలాదారు చెప్పుల్లో పరిగెత్తుకొచ్చాడు, ఆలస్యానికి మాకు క్షమాపణ చెప్పి నేల మీది చాప చుట్టి రంగురాళ్ల పరుపు కూడా చూపించాడు.

ఇక్కడి మింబర్ నాకు మొత్తం ట్రిప్పులో నచ్చినది. నిజానికి ఈ మసీదుది కాదు, 1450 ప్రాంతంలో అల్ ఘమ్రీ మసీదు కోసం చేసింది, తర్వాత ఇక్కడికి తెచ్చి పెట్టారు. చేసినాయన పేరు అహ్మద్ ఇబ్న్ ఈసా, దమియెట్టా ఊరివాడు, వడ్రంగుల పేర్లు చరిత్రలో మిగలడమే అరుదు. మిగతా చోట్ల పట్టీలన్నీ తిన్నగా ఉంటే ఈయన వాటిని వంచాడు, నక్షత్రం చుట్టూ గీతలు ఒంపు తిరుగుతాయి. తిన్నటి పట్టీకి గాడి తీయడం వేరు, వంకర పట్టీకి వంకర గాడి తీసి, అందులో వంకర అంచున్న ముక్క దింపి, అదీ వదులు లేకుండా, బిగుసుకోకుండా. బాబాయ్ నేల మీద కూర్చుండిపోయాడు. ఏమీ మాట్లాడలేదు చాలాసేపు, తర్వాత "ఉలి ఎంత సన్నగా నూరుంటాడ్రా ఈయన" అని మాత్రం అన్నాడు. కాపలాదారు మా కోసం టీ చెప్పించాడు, డబ్బులివ్వబోతే తీసుకోలేదు, బక్షీస్ మాత్రం తీసుకున్నాడు. రెండూ వేరు వేరు అని అప్పటికి మాకు అలవాటైపోయింది.

బుధవారం

బాబాయ్ కడుపు పాడైంది. పెరుగన్నం, దానిమ్మ రసం, నిద్ర.

గురువారం, సాకియత్ అల్ మన్‌కదీ

ఖాన్‌లో అమ్మే పెట్టెల్లో చాలావరకు ఖాన్‌లో చేసినవి కావు. డెల్టాలో మెనూఫియా జిల్లా, అష్మూన్ దగ్గర ఈ పల్లె ఉంది, ఊరంతా చిప్ప పనే. టాక్సీ రోజంతటికీ 2,200 పౌండ్లు, డ్రైవరుకి ఇంగ్లీషు కొంచెం వచ్చు, మిగతాది ఫోను అనువాదం. కైరో దాటగానే పొలాలు, కాలవలు, గాడిద బళ్లు, గడ్డి మేసే బర్రెలు, బాబాయ్ "కోనసీమకొచ్చాం" అన్నాడు.

మొదటింట్లోనే లోపలికి రమ్మన్నారు. పెట్టె కట్టడం వేరే వాళ్ల పని, అవి బీచ్ చెక్కవీ ప్లైవుడ్‌వీ ఖాళీ పెట్టెలు గోడ పక్కన పేర్చి ఉన్నాయి, ఆ చెక్క కూడా దిగుమతే. ఒకాయన చిప్పల్ని చక్రం మీద అరగదీసి రేకుల్లా పల్చన చేస్తున్నాడు, ఇంకొకాయన ఆ రేకుల్ని త్రికోణాలు, వజ్రాలుగా కోస్తున్నాడు. గది మొత్తం తెల్లటి పొడి, మాస్కు ఎవరికీ లేదు, పెద్దాయన దగ్గు వింటుంటే కష్టమనిపించింది, మెరిసే పెట్టెని చూసినప్పుడు ఈ దగ్గు మనకి వినపడదు కదా. లోపలి గదిలో ఆడవాళ్లు, కాలేజీ వయసు అమ్మాయిలు, పెట్టె మీద గీసిన పెన్సిల్ గీతల మధ్య జిగురు రాసి ఒక్కో ముక్కా పట్టకారుతో పెడుతున్నారు, చేతులు చూసేలోపే నక్షత్రం తయారు. ముక్కల మధ్య సందుల్లో నల్లటి లప్పం పూస్తారు, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దితే నలుపు సందుల్లోనే మిగిలి చిప్ప బయటపడుతుంది, తర్వాత పాలిష్, వెల్వెట్. దంతం ఊసే లేదు, తెల్లగా కావాలంటే ఒంటె ఎముక.

బాబాయ్‌కి ఇక్కడ కొంచెం నిరాశ. ఇది పొదగడం కాదు, అతికించడం అన్నాడు. చెక్కలో గుంట తీసి ముక్క దింపితే అది పొదుగుడు, గుంట లేకుండా పైన అతికి సందు లప్పంతో నింపితే పని త్వరగా అవుతుంది, ధర తగ్గుతుంది. ఈ మాట డ్రైవరు ద్వారా పెద్దాయనకి చేరింది. ఆయన కోప్పడలేదు, అటక మీంచి గుడ్డలో చుట్టిన ఒక పలక దించాడు, ఆయన కుర్రతనంలో చేసిందట, నిజంగా గుంట తీసి దింపినదే, సందులో లప్పం లేదు. అది చేయడానికి నెలల తరబడి పట్టింది, కొనేవాడు రాలేదు, అందుకే అటక మీద ఉంది అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరికీ డ్రైవరు అవసరం పెద్దగా పడలేదు. ఒకాయన ఉలి చూపిస్తే ఇంకొకాయన బొటనవేలితో పదును చూసేవాడు, తల ఊపుకునేవాళ్లు, నేనూ డ్రైవరూ బయట అరుగు మీద కూర్చున్నాం.

భోజనానికి ఉంచేశారు. ఫితీర్ అని, వెన్న రాసి పొరలు పొరలుగా మడిచి కాల్చిన పెద్ద రొట్టె, బెల్లం పాకం లాంటి చెరుకు తేనె, ఉప్పటి పాత జున్ను, ములుఖియా అనే జిగురు ఆకుకూర. అతిథి ప్లేటు ఖాళీ అయితే వాళ్లకి మర్యాద తక్కువ, మనకేమో వడ్డించింది వదిలేస్తే తప్పు, ఈ రెండింటి మధ్య నేను ఎంత తిన్నానో నాకే తెలీదు.

ఖాన్‌లో 500కి దిగిన సైజు పెట్టె, అసలు చెక్క, అసలు చిప్ప, ఇక్కడ 320. మూడు కొన్నాం. చిన్న డబ్బీలు ఆరు, ఒక్కోటి 70. బాబాయ్ అటక పలక అడిగాడు, ఆయన అమ్మనన్నాడు. దానికి బదులు కోయగా మిగిలిన చిప్ప ముక్కలు ఒక సంచీ నిండా పోసి ఇచ్చాడు, డబ్బులొద్దన్నాడు, బాబాయ్ జేబులో ఉన్న మడత కొలబద్ద ఆయన చేతిలో పెట్టాడు.

శుక్రవారం, మనియల్ ప్యాలెస్

మధ్యాహ్నం నమాజు టైములో మసీదులు చూడ్డానికి కుదరదని నైలు దీవి మీదున్న ప్రిన్స్ ముహమ్మద్ అలీ ప్యాలెస్‌కి వెళ్లాం. 1899 నుంచి 1929 దాకా మెల్లిగా కట్టుకున్నాడట, తోటలో మన మర్రిచెట్లు ఊడలు దిగి ఉన్నాయి. లోపల ఒక గది పేరే చిప్పల గది, కుర్చీలు, బల్లలు, అద్దాల చట్రాలు అన్నీ చిప్ప. నిజం చెప్పాలంటే నాకు ఎక్కువైపోయినట్టు అనిపించింది, కన్ను ఎక్కడా ఆగడానికి లేదు. ఇలాంటి కుర్చీలు చూడాలంటే ఇంత దూరం కూడా అక్కర్లేదు, హైదరాబాద్ సాలార్జంగ్ మ్యూజియంలో ఈజిప్టు, సిరియా సామాన్ల దగ్గర చిప్ప పొదిగినవి ఉన్నాయి, మనం గడియారం గంట కొట్టే టైముకి పరిగెత్తే హడావుడిలో వాటిని దాటేస్తాం.

సాయంత్రం ఖాన్‌కి మళ్లీ వెళ్లి మొదటి రోజు షాపతన్ని పలకరించాం. పల్లె నుంచి కొన్నామని తెలిసి ఎంతకని అడిగాడు, 320 అని చెప్తే నోరు తెరిచి, తర్వాత నవ్వి, తనకి 280కే ఇస్తారన్నాడు. అతని దగ్గర డమాస్కస్ రకం డబ్బీ ఒకటి తీసుకున్నా, 450. దానిలో చిప్ప తక్కువ, రకరకాల రంగుల చెక్క పుల్లల్ని కట్టగా అతికించి, ఆ కట్టని అడ్డంగా పల్చగా కోస్తే ప్రతి కోతలోనూ అదే డిజైను వస్తుంది, ఆ రేకుని పెట్టెకి అతికిస్తారు. బాబాయ్ దీన్ని మాత్రం తప్పుపట్టలేదు, "ఇది తెలివైన పని" అన్నాడు.

కొనాలనుకునేవాళ్లకి మా అనుభవం: మూత తెరిచి మూసి చూడండి, మడత బందులు వదులుంటే అక్కడే మార్పించండి, అడుగు గుడ్డ కింద బోర్డా చెక్కా చూడండి, దంతం అని ఎవరైనా అంటే కొనకండి, అబద్ధమైతే డబ్బులు పోతాయి, నిజమైతే ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.

చిప్ప ముక్కల సంచీ వైజాగ్ చేరింది. బాబాయ్ పాత టేకు తలుపు చెక్క ఒకటి చిత్రిక పట్టి, పది మొనల నక్షత్రం మొదలుపెట్టాడు, గుంట తీసి దింపేదే, అతికించేది కాదు. ఒక్కో ముక్కకి కోణం 36 డిగ్రీలు, తొమ్మిది ముక్కలు బాగానే దిగాయట, నిన్న రాత్రి ఫోను చేసి "పదోది పట్టట్లేదురా, ఎక్కడో అర డిగ్రీ తినేసినాను" అని విసుక్కుంటున్నాడు.